తెల్ల మచ్చ చెప్పిన సంగతి



మా పాస్టరేటులో ఎవరైనా బండి కొంటే, అది కొత్తదైనా పాతదైనా, ప్రార్థనకు మమ్ములను పిలవడం అలవాటు. ప్రార్థన ముగిసి టీ వచ్చే లోపల మేము బానెట్టు ఎత్తమని అడుగుతాము. ఇంజను ముందు భాగములో, రేడియేటరు పై పైపు వచ్చి కలిసే చోట వేలితో తడిమి చూస్తాము. "ఈయన పాస్టరుగారా, మేస్త్రీగారా?" అని పిల్లలు వెనుక నుండి నవ్వడం మాకు వినబడుతూనే ఉంటుంది. నవ్వనివ్వండి. ఆ అలవాటు మాకు ఎలా వచ్చిందో, దానికి మేమెంత వెల చెల్లించామో, మాకంటె ఎక్కువ వెల మరొకరు ఎందుకు చెల్లించవలసి వచ్చిందో ఈ నెల మీతో చెప్పుకోవాలని అనుకున్నాము.

మాది షాద్‌నగరు దాటి లోపలికి వెళ్లవలసిన పల్లె ప్రాంతము. ఆరు గ్రామములలో ఆరు చిన్న సంఘములు. 2011లో ఒక కుటుంబము వారు తమ తండ్రిగారు వాడిన అంబాసిడరు కారును పాస్టరేటుకు ఇచ్చారు. 1988 నాటి మార్క్ ఫోర్ కారు, పెట్రోలుది. ఆ కారు పెండ్లిండ్లకు వెళ్లింది, సమాధి కార్యక్రమములకు వెళ్లింది. పురిటి నొప్పులు పడుతున్న తల్లులను అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చింది. దాని ఖర్చు కోతకాలపు కానుకలలో నుండి కొంత, స్త్రీల సమాజము వారు పిడికెడు పిడికెడు తీసిపెట్టే బియ్యము అమ్మగా వచ్చిన డబ్బులో నుండి కొంత జరిగేది. కనుక ఆ కారు కొరకు ఖర్చయ్యే ప్రతి రూపాయి వెనుక ఎవరి ఇంటి కుండలో నుండి వచ్చిన బియ్యము ఉన్నదో మాకు తెలుసు. ఖర్చు తగ్గించాలనే ఆరాటము మాకు అందువలననే ఉండేది. ఆ ఆరాటము మంచిదే. కాని అదే మమ్ములను త్రోవ తప్పించింది.

కారు నడిపేది మా సంఘములోని ఒక యువకుడు. తన జీవనము ట్రాక్టరు మీద. కారు నడిపినందుకు జీతము తీసుకునేవాడు కాదు. పొద్దున్నే వచ్చి తుడిచి, నీళ్లు చూచి, ఆయిలు చూచి, అప్పుడు తాళము తిప్పేవాడు.

2020లో ఒకసారి కారు కొద్దిగా వేడెక్కినప్పుడు దారి ప్రక్క ఒక మేస్త్రీకి చూపించాము. "లోపల థర్మోస్టాట్ వాల్వ్ ఉంటది. చలి దేశాలకు చేసింది. మన ఎండలకు అదెందుకు? తీసేస్తే ఇంజను చల్లగా ఉంటది, కొత్తది కొనే ఖర్చు కూడ మిగులుతది" అని ఆయన అన్నాడు. ఆ మాట మాకు ఎంతో తెలివిగా తోచింది. కొత్త వాల్వుకు మూడు వందల పైన అవుతుందట. వద్దంటే మిగిలినట్లే కదా! తీయించాము. మూతను తిరిగి పాత ప్యాకింగు మీదనే బిగించి పంపాడు. ఆ యువకుడు మాత్రము, "అయ్యగారూ, కొత్త ప్యాకింగు వేయించుదాం" అన్నాడు. "ఇరవై రూపాయలైనా డబ్బే" అని మేము కారు ఎక్కాము.

తరువాత జరిగినవి రెండు. మొదటిది, ఆ మూత చుట్టూ కొన్నాళ్లకు తెల్లని పొక్కు కట్టింది, సున్నము పూసినట్లు. అతడు మాకు మూడుసార్లు చూపించాడు. "కోత కానుకలు వచ్చిన తరువాత చూద్దాము" అని మూడుసార్లూ అన్నాము. రెండవది, పెట్రోలు ఎక్కువ తాగడం మొదలయ్యింది. లీటరుకు పదకొండు కిలోమీటర్లు వచ్చే బండి తొమ్మిదికి దిగింది. ఇక్కడ మేము మీ ఎదుట దాచకుండా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. మాకు ఇంజను మీద అనుమానము రాలేదు. ఆ యువకుని మీద వచ్చింది. మేము లేనప్పుడు ఎవరినైనా ఎక్కించుకుని తిప్పుతున్నాడేమో అని అనుకున్నాము. పైకి అనలేదు. అతనికి తెలియకుండా పెట్రోలు రశీదుల వెనుక మీటరు అంకెలు వ్రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాము. నోటితో అనని మాట ముఖములో కనబడకుండా ఉంటుందా?

2022 మే నెలలో, మా సంఘములోని ఒక తల్లి తన ఎనిమిది నెలల బిడ్డను నీలోఫర్ ఆసుపత్రిలో చూపించవలసి వచ్చింది. బిడ్డకు అంతకుముందు ఫిట్స్ వచ్చాయి. ఆ రోజు తప్పక తీసుకురమ్మని డాక్టర్లు చెప్పారు. పట్టణము ఎరుగని మనిషి కనుక మేమూ, మా ఇంటివారూ తోడు వెళ్లాము. తెల్లవారకముందే బయలుదేరి శంషాబాదు, ఆరాంఘర్, పురానాపూల్ మీదుగా మొజంజాహి మార్కెట్టు చేరేసరికి పది దాటింది. ఆ మార్కెట్టు ఏడవ నిజాము రెండవ కుమారుడు మొజంజా పేరిట 1935లో కట్టినది. మేము వెళ్లవలసిన పిల్లల ఆసుపత్రి 1953లో ఆయన భార్యగా ఉండిన నీలోఫర్ పేరు మీద వెలసినది. ఒకనాటి దంపతుల పేర్లు మోసే ఆ రెండు కట్టడముల మధ్య దూరము ఎంతో లేదు. ఆ కొద్ది దూరములోనే మా కారు నిలిచిపోయింది.

నాంపల్లి స్టేషను రోడ్డు మీద బండ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ముందు ఒక వాసన వచ్చింది. తరువాత బానెట్టు సందులో నుండి పొగవలె ఆవిరి లేచింది. సూది చూస్తే ఎర్ర గీత దగ్గర ఉన్నది. వెనుక సీటులో బిడ్డ ఏడుస్తున్నది, తల్లి భయముతో మా వైపు చూస్తున్నది. అప్పుడు మేము అందరి ముందు, గొంతు ఎత్తి, "పొద్దున నీళ్లు పోశావా లేదా?" అని అతనిని అడిగాము. "పోసిన అయ్యగారూ, నిండ పోసిన" అన్నాడు. "పోస్తే ఎక్కడికి పోతాయి?" అన్నాము. రెండేండ్లుగా మనసులో దాచుకున్నదంతా ఆ ఒక్క మాటలో బయటపడింది.

అతడు ఇంకేమీ అనలేదు. దిగి బానెట్టు ఎత్తి, భుజము మీది తువ్వాలు రేడియేటరు మూత మీద వేసి తిప్పాడు. మా మాట తగలకపోయి ఉంటే అతడు ఆ పని చేసేవాడు కాడు. వేడి ఇంజను మూత తీయకూడదని ట్రాక్టరు నడిపే వారికి తెలియనిది కాదు. మరుగుతున్న నీరు ఒక్కసారిగా ఎగజిమ్మి అతని కుడి ముంజేయి మీద పడింది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఇంటిల్లిపాది తెలుసుకోవడం మంచిది. రేడియేటరు మూత బిగువుగా ఉన్నంత సేపు లోపల ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి వలన నీరు వంద డిగ్రీలు దాటినా మరగకుండా నిలిచి ఉంటుంది. ప్రెషరు కుక్కరులో జరిగేది ఇదే. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, ఆగి ఉన్న నీరు ఆ క్షణములోనే ఆవిరై పైకి లేస్తుంది. కనుక బండి వేడెక్కితే ప్రక్కకు ఆపి, ఇంజను ఆర్పి, కనీసము అరగంట ఆగాలి. పై పైపును చేతితో పట్టుకోగలిగినంత చల్లబడిన తరువాతనే మూత ముట్టుకోవాలి. ఎంత తొందర ఉన్నా సరే.

మా ఇంటివారు తల్లినీ బిడ్డనూ ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్లిపోయారు. ప్రక్కన టీ కొట్టాయన పరుగున వచ్చి అతనిని లోపలికి తీసుకుపోయి కుళాయి క్రింద చేయి పెట్టించాడు. ఎవరో టూత్‌పేస్టు తెచ్చారు, మరొకరు సిరా పోయమన్నారు. టీ కొట్టాయన ఒప్పుకోలేదు. ఇరవై నిమిషములు నీటి ధార క్రిందనే ఉంచాడు. తరువాత మేము అతనిని ఆబిడ్స్‌లో ఒక డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లాము. "నీళ్లు పోసి మంచి పని చేశారు, పేస్టూ నూనె రాసి ఉంటే ఇంకా లోతుగా పాడయ్యేది" అని ఆయన కట్టు కట్టి మందులు వ్రాశారు.

తిరిగి వచ్చేసరికి టీ కొట్టాయన, స్టేషను వెనుక సందులో ఉండే ఒక పెద్ద వయసు మేస్త్రీని పిలిపించి ఉంచాడు. అందరూ ఆయనను ఉస్తాద్ అంటున్నారు, మేమూ అలాగే పిలిచాము. ఆయన ఇంజను మీద చేయి పెట్టకముందే క్రిందికి వంగి చూచాడు. ఇంజను ప్రక్క భాగము మీద పైనుండి క్రిందివరకు ఎండిన చార ఉన్నది. ఆ చార వెంట వేలు పైకి పోనిచ్చి తెల్ల పొక్కు దగ్గర ఆపాడు. స్క్రూడ్రైవరు కొనతో గోకితే పెళ్లలు రాలాయి. వాటి క్రింద అల్యూమినియము తేనెపట్టువలె తినివేయబడి ఉన్నది. అందులో సూది బెజ్జమంత రంధ్రము.

"పాస్టర్ సాబ్, ఈ పిల్లగాని తప్పేం లేదు. నిండ పోసిండు. దారి పొడుగునా కారిపోయింది" అన్నాడు ఉస్తాద్. కట్టు కట్టుకున్న చేతిని ఒడిలో పెట్టుకుని ఆ యువకుడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మేము అతని ముఖము చూడలేకపోయాము.

ఉస్తాద్ కారును సందులోకి తోయించాడు. ఆ మూతను మూడు నట్లు పట్టి ఉంచుతాయి. ఇంగ్లీషులో దానిని థర్మోస్టాట్ హౌసింగు అంటారు, మేస్త్రీల మాటలో ఎల్బో. వంచిన మోచేయివలె ఉంటుంది కనుక ఆ పేరు. ఇంజను తలభాగములో ఒక గుంట ఉంటుంది, దానిలో థర్మోస్టాట్ కూర్చుంటుంది. దాని మీద ఈ ఎల్బో మూతవలె కూర్చుని, వేడి నీటిని పై పైపు ద్వారా రేడియేటరుకు పంపుతుంది. తల ఇనుముది, ఎల్బో అల్యూమినియముది. రెండు లోహముల మధ్య ఉప్పు నీరు చేరితే బ్యాటరీలో జరిగినట్లే జరుగుతుంది. వాటిలో అల్యూమినియము కరిగిపోతుంది. మేము పదకొండేండ్లూ పోసింది మా బోరు నీరు. బిందె అడుగున తెల్లగా గట్టు కట్టే నీరు అది. ఇంజనులో మాత్రము కట్టకుండా ఉంటుందా?

మూడు నట్లలో ఒకటి సులభముగా వచ్చింది. రెండు రాలేదు. స్టడ్డులకు, ఎల్బో రంధ్రములకు మధ్య బూడిదవలె పేరుకుని రెండూ ఒకటైపోయాయి. ఉస్తాద్ తొందరపడలేదు. నూనె వేశాడు, చిన్న సుత్తితో మెల్లగా తట్టాడు, మంటతో వేడి చేశాడు, కొద్దిగా బిగించి కొద్దిగా వదిలాడు. గంట సేపు అదే పని. చివరకు ఒకటి వచ్చింది, రెండవది విరిగింది. విరిగిన ముక్కను డ్రిల్లుతో తీసి, మరలు సరిచేసి, కొత్త స్టడ్డు వేయవలసి వచ్చింది. "రెండేండ్ల కింద కొత్త ప్యాకింగు వేసి, స్టడ్డులకు ఇంత గ్రీజు రాసి ఉంటే, ఇయ్యాల పది నిమిషాల పని" అన్నాడు. ఇరవై రూపాయలు మాకు గుర్తుకు వచ్చాయి.

ఎల్బో తీసి లోపల చూచి ఆయన తల ఎత్తాడు. "వాల్వ్ ఏది?" అన్నాడు. తీయించిన కథ చెప్పాము. "ఇది ఇంటికి తలుపు లెక్క. చలి పెడితే మూసుకోవాలె, ఉక్క పోస్తే తెరుచుకోవాలె. మీరు తలుపే పీకి పారేసిండ్రు. పెట్రోలు ఎక్కువ తాగుతలేదా?" అని అడిగాడు. మాకు గొంతు పెగలలేదు. ఎంత తగ్గిందో మీటరు అంకెలతో సహా మా జేబులోనే ఉన్నది కదా!

ఆయన చెప్పినదానిని మేము అర్థము చేసుకున్నంత వరకు ఇక్కడ వ్రాస్తున్నాము. ఇంజను మరీ చల్లగా నడవడం కూడ దానికి కీడే. పెట్రోలు ఆవిరిగా మారి సరిగా మండాలంటే ఇంజనుకు తగినంత వేడి కావాలి. చల్లని ఇంజనులో సగము మండని పెట్రోలు గోడల మీది ఆయిలును కడిగివేస్తుంది, ఆయిలు ట్యాంకులోనికి దిగి ఆయిలును పలుచన చేస్తుంది, లోపలి భాగములు త్వరగా అరిగిపోతాయి. థర్మోస్టాట్ పని ఏమిటంటే, ఇంజను వేడెక్కేవరకు రేడియేటరు దారి మూసి ఉంచడం, తగిన వేడి రాగానే తెరవడం. దానికి కరెంటు అక్కరలేదు. చిన్న ఇత్తడి బుడ్డిలో మైనము ఉంటుంది. మైనము కరిగి ఉబ్బి కడ్డీని నెడుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. చల్లబడితే మైనము గడ్డకడుతుంది, స్ప్రింగు వాల్వును మూస్తుంది. ఎండలు మండే దేశములోనూ పొద్దుటి ఇంజను చల్లగానే ఉంటుంది కనుక, తలుపు అందరికీ కావాలి. కొన్ని కార్లలో దానిని తీసివేస్తే నీరు రేడియేటరుకు పోకుండా ప్రక్క దారిన తిరిగి, ఇంజను ఇంకా ఎక్కువగా వేడెక్కుతుంది కూడ.

ఇప్పుడు కొత్త ఎల్బో కావాలి. అంబాసిడరు తయారీ ఉత్తరపారా కర్మాగారములో 2014 మే నెలలోనే ఆగిపోయింది. నాంపల్లిలో దొరకలేదు. ఉస్తాద్ చెప్పినట్లు మేము ఆటో ఎక్కి సికింద్రాబాదులోని రాణిగంజికి వెళ్లాము. మోటారు సామాన్లకు పేరు పొందిన బజారు అది. మూడు దుకాణములలో లేదన్నారు. నాలుగవ దానిలో ముసలాయన నిచ్చెన ఎక్కి, పై అరలో నుండి దుమ్ము పట్టిన అట్టపెట్టె దించి, ఎల్బో తీసి ఇచ్చాడు. థర్మోస్టాట్, ప్యాకింగు కూడ అక్కడే తీసుకున్నాము.

ఉస్తాద్ కొత్తదాని మీద కూడ నమ్మకముంచలేదు. ఒక పాత డబ్బాలో నీరు పోసి పొయ్యి మీద పెట్టి, థర్మోస్టాట్‌ను దారముతో వేలాడదీశాడు. దాని అంచు మీద 82 అని ముద్ర ఉన్నది. నీరు మరగకముందే, అడుగున బుడగలు లేస్తుండగానే, అది మెల్లగా నోరు తెరిచింది. తీసి చన్నీటిలో వేస్తే మూసుకున్నది. మేమూ, ఆ యువకుడూ, టీ కొట్టు పిల్లవాడూ చుట్టూ నిలబడి చూచాము. ఇంటిలో ఎవరైనా ఇలా పరీక్షించదలిస్తే వంటకు వాడని డబ్బాలోనే చేయండి.

తరువాత పని త్వరగా సాగింది. ఇంజను తల మీద అతుకుకున్న పాత ప్యాకింగును గోకి, ఎమరీ కాగితముతో నునుపు చేశాడు. గీతలు పడకుండా, ముక్కలు లోపల పడకుండా గుంటలో గుడ్డ కుక్కి మరీ చేశాడు. లోపల పేరుకున్న తుప్పు నీటిని, నీరు తేటగా వచ్చేవరకు కడిగాడు. థర్మోస్టాట్‌ను మైనపు బుడ్డి ఇంజను వైపు ఉండేటట్లు కూర్చోబెట్టాడు. తిరగవేసి పెడితే అది సమయానికి తెరుచుకోదు. కొత్త ప్యాకింగు వేసి, స్టడ్డులకు పలుచగా గ్రీజు రాసి, మూడు నట్లనూ ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాడు. ఒక ప్రక్కనే బిగిస్తే అల్యూమినియము పగులుతుంది, మరీ బిగించినా పగులుతుంది. కూలెంటును శుద్ధి చేసిన నీటితో డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి మెల్లగా పోశాడు. మూత తీసి ఉంచి, చల్లని ఇంజనును స్టార్టు చేసి, లోపలి గాలి బుడగలన్నీ పోయేవరకు ఆగి, తగ్గినంత మళ్లీ పోశాడు.

అప్పుడు ఆ యువకుని పిలిచి, ఎడమ చేయి పై పైపు మీద పెట్టమన్నాడు. చాలా సేపు పైపు చల్లగానే ఉన్నది. ఉన్నట్టుండి వెచ్చబడింది. "తెరుచుకుంది" అన్నాడు అతడు. ఆ రోజు అతని ముఖములో నవ్వు చూడడం అదే మొదలు. ఉస్తాద్ మూత బిగించాడు.

ఖర్చు లెక్క కూడ చెబుతాము, ఎందుకంటే స్త్రీల సమాజము వారికి చెప్పిన లెక్క ఇదే. థర్మోస్టాట్ 350, ఎల్బో 450, ప్యాకింగు 20, గాఢ కూలెంటు మూడు లీటర్లు 750, విరిగిన స్టడ్డు పని 300, కూలి 900. మొత్తము 2,770 రూపాయలు. ఆటోలు, మందులు వేరు. లెక్క విన్న ఒక పెద్దమ్మ, "అయ్యా, అప్పుడు ఎంత మిగిలిందంటిరి?" అని అడిగింది. ఎగతాళికి అడగలేదు, తెలియక అడిగింది. "మూడు వందల డెబ్బై, అమ్మా" అని చెప్పడానికి మాకు చాలా సేపు పట్టింది.

ఆ సాయంకాలము మా ఇంటివారు తల్లినీ బిడ్డనూ తీసుకుని నాంపల్లి స్టేషనుకు వచ్చారు. డాక్టర్లు బిడ్డను చూచి మందులు మార్చి పంపారు. ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళుతున్నది. 1907 నాటి ఆ స్టేషను మెట్ల దగ్గర అందరమూ కూర్చుని టీ త్రాగాము. ఆవిరి ఇంజనుల కాలములో ఇంజనులకు నీరు పట్టి పంపేవారు. నీటిని అశ్రద్ధ చేసి ఏ ఇంజనూ ఎన్నడూ దూరము పోలేదు. ఆ సంగతి తెలియనట్లు నడుచుకున్నది మేమే. ఆ యువకునితో ఏదో చెప్పాలని నోరు తెరిచాము. అందరి ముందు నిందించిన వారిమి, ఒక ప్రక్కకు పిలిచి క్షమించమంటే సరిపోతుందా? ఇంటికి వెళ్లేవరకు మౌనముగానే ఉన్నాము. కారు ఆ రాత్రి ఉస్తాద్ తమ్ముని కొడుకు నడిపి మా ఊరు చేర్చాడు.

మరుసటి ఆదివారము ఆరాధన చివర, ప్రకటనల సమయములో, మేము సంఘము ముందు జరిగినదంతా చెప్పాము. తెల్ల మచ్చ సంగతి, ఇరవై రూపాయల సంగతి, నాంపల్లి రోడ్డు మీద అన్న మాట, అన్నీ చెప్పాము. పెట్రోలు రశీదుల సంగతి చెప్పడం అన్నిటికంటె కష్టమయ్యింది. అది ఎవరికీ తెలియదు, చెప్పకపోయినా గడిచిపోయేది. కాని అది దాచితే మిగిలినది చెప్పి లాభమేమి? అందరి ఎదుట అతనిని క్షమించమని అడిగాము.

అతడు లేచి నిలబడ్డాడు. చేయి ఇంకా కట్టులోనే ఉన్నది. "రశీదుల సంగతి నాకు ఎరికే అయ్యగారూ" అన్నాడు. మందిరములో ఎవరూ కదలలేదు. "మల్ల తెల్ల మచ్చ కనబడితే మల్ల చెప్త. మీరు ఇనుండ్రి, గంతే" అని కూర్చున్నాడు. క్షమించానని అనలేదు, అనవలసిన అవసరము కూడ లేదు. దుక్కి పనులు మొదలయ్యే రోజులవి. పన్నెండు రోజులు ట్రాక్టరు ఎక్కలేకపోయాడు. ఆ పన్నెండు రోజుల కూలి మా జీతములో నుండి ఇచ్చాము. తీసుకోనన్నాడు. వాళ్లమ్మ చేతిలో పెట్టి వచ్చాము. కారు మైలేజీ రెండు నెలలలో పదిన్నరకు తిరిగి వచ్చింది. అతని ముంజేతి మీది మచ్చ మాత్రము అలాగే ఉన్నది.

ఆదివారము మాకు ఆరాధనలు ఉంటాయి కనుక, మా తోడల్లుని ఆబిడ్స్ పంపి, ఫుట్‌పాతు మీద ఆదివారము పెట్టే పాత పుస్తకముల బజారులో వెతికించాము. మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు మరమ్మతు పుస్తకము ఒకటి దొరికింది. మన అంబాసిడరు ఆ కారు నుండే పుట్టింది. మా కారులోని 1489 సీసీ ఇంజను కుటుంబమే ఇంగ్లండులో ఎంజీ అనే స్పోర్ట్సు కార్లలోనూ ఉండేది. అక్కడి వారికీ ఈ ఎల్బో స్టడ్డులకు పట్టుకుపోవడం పెద్ద తలనొప్పేనట. దూర దేశములో కూడ మనవంటి అశ్రద్ధపరులు ఉన్నారని తెలిసి కొంచెము ఊరట కలిగింది.

బండ్లు, ట్రాక్టర్లు ఉన్న కుటుంబములకు మా అనుభవములో నుండి కొన్ని మాటలు. నెలకొకసారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పై పైపు కలిసే చోట చూడండి. తెల్లని లేక పచ్చని పొక్కు కనబడితే అక్కడ కారుతున్నట్లే. వేడి సూది పైకి పోయినా పై పైపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుని పట్టుబడిందేమో చూపించండి. ఎంత దూరము పోయినా ఇంజను వేడెక్కకపోతే అది తెరుచుకునే ఉండిపోయి ఉండవచ్చు. ఈనాటి కార్లలో ఈ హౌసింగు చాలావాటికి ప్లాస్టిక్కుతో చేస్తున్నారు. అది తినివేయబడదు గాని ఏండ్లు గడిచిన కొద్దీ పెళుసై పగులుతుంది. అతుకు వేయకుండా మొత్తము మార్చించండి. మూత తీసిన ప్రతిసారీ కొత్త ప్యాకింగు వేయించండి. బోరు నీరు పోయకండి. కూలెంటును డబ్బా మీద చెప్పిన గడువుకు మార్చించండి, తుప్పును ఆపే గుణము దానిలో కాలముతో తరిగిపోతుంది. కూలెంటు రుచికి తియ్యగా ఉంటుంది, కాని విషము. పారబోసినది కుక్కలు, కోళ్లు త్రాగకుండా, పిల్లలకు అందకుండా జాగ్రత్తపడండి.

ఆ పాత ఎల్బోను మేము పారవేయలేదు. మందిరపు గదిలో లెక్కల పుస్తకము మీద బరువుగా పెట్టుకున్నాము. ఆ రంధ్రము ఇప్పటికీ కనబడుతుంది. ఎవరైనా తలుపు దగ్గర నిలబడి, "అయ్యగారూ, చిన్న మాట" అంటే, కలము ప్రక్కన పెట్టి, ముందు కూర్చోమంటాము.